బొమ్మ ఒకటే, సైజులు మాత్రం మూడు: స్ట్రక్చర్డ్ డాక్యుమెంట్లలో ఇమేజ్ స్కేలింగ్ ఎందుకింత తికమక?

ఎడిటర్‌లో చూస్తే బొమ్మ చక్కగా పేజీలో ఇమిడి ఉంటుంది. అదే ఫైల్‌ నుంచి పీడీఎఫ్ తీస్తే కుడి అంచు దాటి బయటికి పోతుంది, వెబ్ పేజీలో చూస్తే ఇంకో సైజులో ఉంటుంది. మధ్యలో బొమ్మను ఎవరూ ముట్టుకోలేదు. ఎక్స్‌ఎంఎల్‌లో (టెక్స్ట్‌లో ఏ భాగం ఏమిటో ట్యాగులతో గుర్తుపెట్టే ఫార్మాట్) మాన్యువల్స్ రాసేవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ, పాత పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ వదిలి కొత్తగా స్ట్రక్చర్డ్ పద్ధతికి మారుతున్నవాళ్లకైతే మొదటి నెలలోనే ఈ టెన్షన్ మొదలవుతుంది. దీన్ని చాలామంది సాఫ్ట్‌వేర్ లోపం అనుకుంటారు. ఎక్కువసార్లు లోపం ఏమీ ఉండదు. బొమ్మ ఎంత పెద్దగా ఉండాలో చెప్పే అధికారం ముగ్గురు నలుగురి చేతుల్లో ఉంటుంది, ఒక్కో టూల్ ఒక్కొక్కరి మాట వింటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

స్ట్రక్చర్డ్ డాక్యుమెంట్‌లో బొమ్మ నిజానికి ఉండదు

మామూలు వర్డ్ ప్రాసెసర్‌లో బొమ్మ పెట్టి, దాని మూల పట్టుకుని లాగి, కంటికి బాగున్నంత చేసి వదిలేస్తాం. కంటికి కనిపించిన సైజే కాగితం మీదా వస్తుంది. అక్కడ రాసే చోటు, పేజీ తయారయ్యే చోటు ఒకటే కాబట్టి ఈ ప్రశ్నే రాదు.

స్ట్రక్చర్డ్ పద్ధతిలో ఈ రెండూ వేరు. రచయిత రాసేది 'ఇది శీర్షిక, ఇది పేరా, ఇది స్టెప్, ఇక్కడ ఒక బొమ్మ' అని ట్యాగులు పెట్టిన టెక్స్ట్ మాత్రమే. అక్షరాల సైజు, మార్జిన్, రంగు లాంటివన్నీ తర్వాత స్టైల్‌షీట్ చూసుకుంటుంది. ఒకే మూలం నుంచి పీడీఎఫ్, వెబ్ పేజీ, హెల్ప్ ఫైల్ అన్నీ రావాలన్నది దీని ఉద్దేశం. ఐబీఎంలో పుట్టి 2005లో ఓయాసిస్ అనే సంస్థ ప్రమాణంగా వచ్చిన డిటా, 1991లో మొదలైన డాక్‌బుక్ (రెండూ మాన్యువల్స్ రాయడానికి వాడే ట్యాగుల పద్ధతులు), స్ట్రక్చర్డ్ మోడ్‌లో వాడే ఫ్రేమ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్, అన్నిటిదీ ఇదే దారి.

ఇక బొమ్మ విషయానికొస్తే, ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుంది. పక్కన వీలైతే వెడల్పు, ఎత్తు, శాతం లాంటి ఒకటి రెండు సూచనలు ఉంటాయి. అసలు బొమ్మ వేరే ఫైల్‌గా ఎక్కడో ఫోల్డర్‌లో ఉంటుంది. పీడీఎఫ్ తయారుచేసే ఇంజన్ ఆ ఫైల్ తెరిచి, అందులో ఏం రాసుందో చూసి, ఎక్స్‌ఎంఎల్‌లోని సూచనను చదివి, స్టైల్‌షీట్ చెప్పింది విని, అప్పుడు ఒక సైజు తేలుస్తుంది. ఫైల్, సూచన, స్టైల్‌షీట్: ఈ మూడూ ఒకే మాట చెప్పకపోతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

పిక్సెల్‌కు మిల్లీమీటర్ తెలియదు

ఒక స్క్రీన్‌షాట్ తీసుకుందాం. 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల ఎత్తు. కాగితం మీద ఇది ఎంత వెడల్పు వస్తుంది? ఈ ప్రశ్నకు దానంతట దానికి జవాబు లేదు. పిక్సెల్ అంటే ఒక రంగు గడి, అంతే. ఒక అంగుళంలో ఎన్ని గడులు సర్దాలో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పే అంకెనే డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అంటాం. కచ్చితంగా మాట్లాడేవాళ్లు పీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు) అంటారు గానీ డైలాగ్ బాక్సుల్లో ఎక్కువగా కనిపించేది డీపీఐనే, కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాను.

అంగుళానికి 96 చొప్పున సర్దితే 1920 పిక్సెళ్లు 20 అంగుళాలు, అంటే 508 మిల్లీమీటర్లు. 72 చొప్పున అయితే 677 మిల్లీమీటర్లు. 300 చొప్పున అయితే 6.4 అంగుళాలు, దాదాపు 163 మిల్లీమీటర్లు. ఏ4 కాగితం వెడల్పే 210, రెండు పక్కలా 25 చొప్పున మార్జిన్ వదిలితే టెక్స్ట్‌కు మిగిలేది 160. అంటే ఒకే ఫైల్ ఒక లెక్కలో కాగితానికి మూడింతలు దాటిపోతుంది, ఇంకో లెక్కలో మార్జిన్ల మధ్య దాదాపు సరిపోతుంది. ఫైల్‌లో ఒక్క గడి కూడా మారలేదని గుర్తుంచుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. డీపీఐ పెంచితే బొమ్మ స్పష్టంగా వస్తుందనుకుంటారు. ఉన్న బొమ్మకు డీపీఐ అంకె మాత్రమే పెంచితే జరిగేది ఒక్కటే, బొమ్మ చిన్నదవుతుంది. అవే గడులు తక్కువ చోటులో దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి పదునుగా కనిపిస్తాయి, నిజమే, కానీ కొత్త వివరం ఎక్కడి నుంచీ రాదు. ఫ్రేమ్‌మేకర్‌లో బిట్‌మ్యాప్ (పిక్సెళ్లతో చేసిన బొమ్మ) తెచ్చుకునేటప్పుడు 72, 96, 150, 300 అంటూ అడిగే ప్రశ్నకు అర్థం కూడా ఇదే. అది నాణ్యత గురించి అడగడం లేదు, సైజు గురించి అడుగుతోంది.

మరి ఇంజన్‌కు ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? చాలా ఫార్మాట్లలో ఇది రాసుకోవడానికి ఒక చోటు ఉంది. పీఎన్‌జీ దీన్ని మీటరుకు ఇన్ని పిక్సెళ్లు అని దాచుకుంటుంది, అందుకే 300 డీపీఐ బొమ్మను కొన్ని టూల్స్‌లో తెరిస్తే 11811 అనే వింత అంకె కనిపిస్తుంది. జేపెగ్‌లో అంగుళానికి అని గానీ సెంటీమీటరుకు అని గానీ రాయొచ్చు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ అంకె రాసి తీరాలన్న నియమం లేదు. ఖాళీగా వదిలేసినా బొమ్మ బొమ్మే. అప్పుడు ఇంజన్ తనకు తోచింది అనుకుంటుంది. ఓపెన్ సోర్స్ పీడీఎఫ్ ఇంజన్ అపాచీ ఎఫ్‌ఓపీ ఎవరూ మార్చకపోతే 72 అనుకుంటుంది. వెబ్ బ్రౌజర్ల దారి వేరు, వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ ప్రమాణం ప్రకారం అంగుళానికి 96 పిక్సెళ్లు. 72 అనేది అచ్చు ప్రపంచంలోని పాయింట్ల లెక్క (అంగుళానికి 72 పాయింట్లు) నుంచి వచ్చింది, 96 కంప్యూటర్ తెరల వైపు నుంచి వచ్చింది. రెండూ తప్పు కాదు, కానీ ఒకే డాక్యుమెంట్ ఈ రెండు దారుల్లోనూ బయటికి వెళ్తుంటే తేడా రాక తప్పదు.

ఎంత రెట్లు తేడా వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసిన విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. బొమ్మ అనుకున్న సైజులో రాకపోతే 'పెద్దగా వచ్చింది' అని ఊరుకుంటాం. స్కేలు పెట్టి కొలిచి, రావలసిన దానికన్నా ఎన్ని రెట్లు వచ్చిందో లెక్కేస్తే, ఆ అంకె ఒక వేలిముద్ర లాంటిది.

1.33 రెట్లు వచ్చిందంటే 96కీ 72కీ మధ్య గొడవ, ఎందుకంటే 96ను 72తో భాగిస్తే అదే వస్తుంది. తలకిందులుగా 0.75 వచ్చినా కథ అదే, దిశ మారింది. సరిగ్గా 2 రెట్లు వస్తే ఎక్కువ సాంద్రత ఉన్న తెర మీద తీసిన స్క్రీన్‌షాట్ అయి ఉంటుంది. మ్యాక్‌లో రెటీనా తెర మీద తీసిన స్క్రీన్‌షాట్ రెట్టింపు పిక్సెళ్లతో వస్తుంది, దానికి తగ్గట్టు ఫైల్‌లో 144 అని రాసి ఉంటుంది. ఆ 144ను చదివే టూల్‌లో సైజు సరిగ్గానే వస్తుంది, చదవకుండా 72 అనుకునే టూల్‌లో రెండింతలు, 96 అనుకుంటే ఒకటిన్నర రెట్లు. 3.125 రెట్లు అంటే 300 ఉండాల్సిన చోట 96, 4.17 రెట్లు అంటే 300 ఉండాల్సిన చోట 72.

ఆ 4.17 సంగతి నేను స్వయంగా పడ్డదే. ఒక మాన్యువల్ విడుదలకు వారం ముందు పీడీఎఫ్‌లో బొమ్మలన్నీ ఒక్కసారిగా పేలిపోయినట్టు వచ్చాయి, ప్రతిచోటా బొమ్మ పైన ఎడమ మూల మాత్రమే కనిపిస్తోంది. స్టైల్‌షీట్‌లో ఎవరో ఏదో మార్చారనుకుని రెండు రోజులు అందులోనే వెతికాం. తీరా చూస్తే జరిగింది ఏమిటంటే, ఫైళ్లన్నీ దాచే రిపాజిటరీ బరువు తగ్గిద్దామని బొమ్మలన్నిటినీ ఒక కంప్రెషన్ టూల్‌లో వేశాం. పిక్సెళ్లు ఒక్కటీ మారలేదు, కంటికి బొమ్మలు అలాగే ఉన్నాయి, కానీ 'అనవసరమైన సమాచారం' పేరుతో ఆ టూల్ తీసేసిన వాటిలో డీపీఐ అంకె కూడా ఉంది. 1800 పిక్సెళ్ల బొమ్మ 300 లెక్కన 152 మిల్లీమీటర్లు ఉండేది, అంకె పోగానే ఇంజన్ 72 అనుకుంది, అది 635 మిల్లీమీటర్లు అయింది. మొదటి రోజే 635ను 152తో భాగించి ఉంటే ఐదు నిమిషాల్లో దొరికేది.

వెడల్పు, శాతం, సరిపెట్టడం: ఎవరి మాట చెల్లుతుంది?

బొమ్మ ఫైల్ సంగతి అలా ఉంచితే, ఎక్స్‌ఎంఎల్‌లో రచయిత రాసే సూచనలకు కూడా ఒక వరస ఉంది. డిటా ఇమేజ్ ట్యాగ్‌లో విడ్త్, హైట్, స్కేల్, స్కేల్‌ఫిట్ అని నాలుగు ఆట్రిబ్యూట్లు (ట్యాగ్ లోపల రాసే సూచనలు). విడ్త్ గానీ హైట్ గానీ రాస్తే అదే చెల్లుతుంది, ఒకటే రాస్తే రెండోది అదే నిష్పత్తిలో మారుతుంది. రెండూ రాసి వాటి నిష్పత్తి తప్పితే బొమ్మ సాగిపోయే ప్రమాదం ఉంది. ఆ రెండూ లేనప్పుడే స్కేల్ శాతాన్ని పట్టించుకుంటుంది. ఈ మూడూ లేనప్పుడు మాత్రమే స్కేల్‌ఫిట్, అంటే ఉన్న చోటుకు సరిపెట్టడం, పనిచేస్తుంది. స్కేల్‌ఫిట్ పెట్టినా పనిచేయడం లేదని తలపట్టుకునేవాళ్ల ఫైల్‌లో చూస్తే చాలాసార్లు పాత విడ్త్ ఒకటి ఎక్కడో మిగిలి ఉంటుంది.

స్కేల్ శాతంలో దాగిన ముల్లు ఒకటుంది. 50 శాతం అంటే దేనిలో 50 శాతం? బొమ్మ సహజ సైజులో. ఆ సహజ సైజు ఎంతో తేల్చేది మళ్లీ డీపీఐనే. మన 1920 పిక్సెళ్ల బొమ్మకు 96 లెక్కన సగం అంటే 254 మిల్లీమీటర్లు, 72 లెక్కన సగం అంటే 339. కాబట్టి శాతం చూడ్డానికి స్థిరంగా కనిపించినా, దాని కింద నేల కదులుతూనే ఉంటుంది.

డాక్‌బుక్ ఇదే పనిని ఇంకాస్త సూక్ష్మంగా విడదీసింది. అక్కడ బొమ్మ పెట్టుకోవడానికి ఒక చట్రం, చట్రంలో బొమ్మ, రెండూ వేర్వేరు. విడ్త్, డెప్త్ అనేవి చట్రం కొలతలు, కంటెంట్‌విడ్త్, కంటెంట్‌డెప్త్ అనేవి లోపలి బొమ్మ కొలతలు. 160 మిల్లీమీటర్ల చట్రం, 100 మిల్లీమీటర్ల బొమ్మ అని రాస్తే బొమ్మ చిన్నగా చట్రంలో కూర్చుంటుంది, చుట్టూ ఖాళీ మిగులుతుంది. డిటా నుంచి వచ్చినవాళ్లు డాక్‌బుక్ విడ్త్‌ను బొమ్మ వెడల్పే అనుకుని రాస్తారు, బొమ్మ కదలకపోతే ఆశ్చర్యపోతారు. ఈ చట్రం ఆలోచన పీడీఎఫ్ కోసం వాడే ఎక్స్‌ఎస్‌ఎల్-ఎఫ్‌ఓ భాషలోనూ ఉంది. 2006లో వచ్చిన దాని 1.1 వెర్షన్‌లో 'పెద్దదైతే తగ్గించు, చిన్నదైతే వదిలెయ్' అనే విలువ కూడా చేరింది. అది చాలా విలువైన చేర్పు, ఎందుకో తర్వాతి భాగంలో తెలుస్తుంది.

ఫ్రేమ్‌మేకర్‌లో బిట్‌మ్యాప్‌కు డీపీఐనే సైజు సూచనగా దాచుకునే అలవాటు ఉంది, ఎక్స్‌ఎంఎల్‌గా ఎగుమతి చేసేటప్పుడు రీడ్-రైట్ రూల్స్ (ఏ వివరం ఎలా మారాలో చెప్పే నియమాలు) ద్వారా దాన్ని ఆట్రిబ్యూట్‌గా రాయించవచ్చు. కానీ డిటా ఇమేజ్ ట్యాగ్‌లో డీపీఐ అనే ఆట్రిబ్యూటే లేదు. అంటే ఫ్రేమ్‌మేకర్‌లో 'ఇది 150 లెక్కన' అనుకున్న మాట డిటాలోకి వెళ్లాలంటే విడ్త్, హైట్‌లుగా మారాలి. ఆ మార్పిడిలో ఆలోచనే మారిపోతుంది. 'గడుల సాంద్రత ఇంత' అన్న నియమం పోయి 'ఈ బొమ్మ ఇంత వెడల్పు' అన్న ఒక అంకె మిగులుతుంది. రేపు కొత్త స్క్రీన్‌షాట్ పెడితే పాత వెడల్పు దాని మీద పడుతుంది.

అన్నీ పేజీకి సరిపెట్టేస్తే గొడవ వదిలిపోతుందా?

మొదట అందరికీ తట్టే పరిష్కారం ఇదే. అంచు దాటే ప్రశ్నే ఉండదు కదా. ఒక లెక్క వేసి చూద్దాం.

ఒకే సాఫ్ట్‌వేర్‌ నుంచి రెండు స్క్రీన్‌షాట్లు. ఒకటి మొత్తం తెర, 1920 పిక్సెళ్ల వెడల్పు. రెండోది చిన్న డైలాగ్ బాక్స్, 480 పిక్సెళ్లు. రెండింటిలోనూ బటన్ మీది అక్షరాల ఎత్తు 16 పిక్సెళ్లే. రెండిటినీ 160 మిల్లీమీటర్ల వెడల్పుకు సరిపెడితే, మొదటి దానిలో మిల్లీమీటరుకు 12 పిక్సెళ్లు పడతాయి, అక్షరం ఎత్తు 1.33 మిల్లీమీటర్లు, చదవాలంటే కళ్లు చిట్లించాలి. రెండో దానిలో మిల్లీమీటరుకు 3 పిక్సెళ్లు, అక్షరం ఎత్తు 5.33 మిల్లీమీటర్లు, పక్కన ఉన్న అధ్యాయం శీర్షిక కన్నా పెద్దగా గడులు గడులుగా కనిపిస్తుంది. ఒకే పేజీలో ఒకే బటన్ నాలుగు రెట్ల తేడాతో. చదివేవాళ్లకు ఇవి రెండు వేరే ప్రోగ్రాములేమో అనిపిస్తుంది.

డిటా ప్రమాణంలో స్కేల్‌ఫిట్‌కు అర్థం పెంచడం, తగ్గించడం రెండూ. అందుకే ఇందాక చెప్పిన 'పెద్దదైతేనే తగ్గించు' నియమం అంత పనికొస్తుంది. చిన్న డైలాగ్ తన సైజులో తను ఉంటుంది, పెద్ద తెర మాత్రమే కుదించుకుంటుంది. అయినా పూర్తి జవాబు కాదు, చిన్నదాని 'తన సైజు' ఎంతో చెప్పడానికి మళ్లీ సరైన డీపీఐ కావాలి.

టేబుల్ గడిలో బొమ్మ పెట్టినప్పుడు ఇంకో మెలిక. సరిపెట్టాల్సిన చోటు అంటే పేజీ వెడల్పు కాదు, ఆ గడి వెడల్పు. గడి వెడల్పు స్థిరంగా రాసి ఉంటే సమస్య లేదు. లోపలున్న దాన్ని బట్టి గడి పెరిగేట్టు వదిలేస్తే బొమ్మ గడిని చూస్తుంది, గడి బొమ్మను చూస్తుంది, ఇంజన్ ఎక్కడో ఒకచోట ఆపాలి. ఏ ఇంజన్ ఎక్కడ ఆపుతుందో దాని ఇష్టం.

సైజు తగ్గించడం వేరు, పిక్సెళ్లు తీసేయడం వేరు

పీడీఎఫ్‌లో బొమ్మను 50 శాతానికి తగ్గిస్తే అందులోని పిక్సెళ్లు పోవు. పీడీఎఫ్ బొమ్మను మొత్తంగా దాచుకుని, ఇంత చోటులో గీయమని ఒక లెక్క మాత్రం పక్కన రాసుకుంటుంది. అందుకే పీడీఎఫ్‌లో జూమ్ చేస్తే వివరం మళ్లీ కనిపిస్తుంది. పిక్సెళ్లు నిజంగా పోయేది డౌన్‌శాంప్లింగ్‌లో, అది వేరే సెట్టింగ్. ఉదాహరణకు పీడీఎఫ్ తయారుచేసే అడోబీ డిస్టిలర్ ప్రెస్ క్వాలిటీ సెట్టింగ్‌లో 450 దాటిన బొమ్మలను 300కు దించుతుంది. ఇక్కడ 450 అంటే ఫైల్‌లో రాసి ఉన్న అంకె కాదు, పేజీ మీద కూర్చున్నాక వచ్చే సాంద్రత. మన 1920 పిక్సెళ్ల బొమ్మ 160 మిల్లీమీటర్లలో దాదాపు 305 అవుతుంది, దాన్ని ముట్టుకోదు. అదే బొమ్మను 80కి తగ్గిస్తే 610, అప్పుడు కోత పడుతుంది. మామూలు ఫోటోకు ఇది పెద్దగా తెలియదు గానీ, స్క్రీన్‌షాట్‌లోని సన్నటి అక్షరాలకు మాత్రం మసక వస్తుంది.

గీతల లెక్కలతో గీసే ఎస్‌వీజీ లాంటి వెక్టర్ బొమ్మలకు పిక్సెళ్ల గొడవ లేదు, ఎంత పెంచినా పదును తగ్గదు. కానీ బొమ్మతో పాటు గీతలూ అక్షరాలూ కూడా కుదించుకుపోతాయి. 8 పాయింట్ల అక్షరాలున్న రేఖాచిత్రాన్ని 60 శాతం చేస్తే అవి 4.8 పాయింట్లు, స్పష్టంగానే ఉంటాయి, చదవడానికే రావు.

సైజు ఎక్కడ రాయాలి అన్నదానిపై మూడు వాదనలు

మొదటి వర్గం వాళ్లు రచయితే రాయాలంటారు. బొమ్మలో ఏది ముఖ్యమో రాసేవాడికే తెలుసు, ఒక స్క్రీన్‌షాట్‌లో చిన్న ఐకాన్ చూపించాలా మొత్తం లేఅవుట్ చూపించాలా అన్నది స్టైల్‌షీట్‌కు ఎలా తెలుస్తుంది అని వాళ్ల ప్రశ్న. న్యాయమైనదే. కానీ రచయిత రాసిన 160 మిల్లీమీటర్లు ఏ4 పీడీఎఫ్‌కు సరిపోతాయి, ఫోన్ తెరకు ఆ మాటకు అర్థమే లేదు. కాగితం సైజు మారిన రోజు వేల ఫైళ్లు తెరవాలి.

రెండో వర్గం సైజు బొమ్మ ఫైల్‌లోనే ఉండాలంటుంది. స్క్రీన్‌షాట్లన్నిటికీ ఒకే డీపీఐ అంకె పెడితే, ఏ సైజు బొమ్మలోనైనా అక్షరం ఒకే ఎత్తులో వస్తుంది, ఎక్స్‌ఎంఎల్ శుభ్రంగా ఉంటుంది. లెక్క ప్రకారం ఇది చాలా అందమైన పద్ధతి. దీని బలహీనత ఇందాక చెప్పిన నా అనుభవమే, ఆ అంకె కంటికి కనిపించదు, దారిలో ఏ టూల్ అయినా చెరిపేయొచ్చు, పైగా బ్రౌజర్లు మామూలుగా దాన్ని పట్టించుకోవు.

మూడో వర్గం కంటెంట్ వేరు, రూపం వేరు అన్న సూత్రాన్ని గట్టిగా పట్టుకుంటుంది. సైజు అంటే రూపమే, కాబట్టి మూలంలో ఏ కొలతా ఉండకూడదు, అంతా స్టైల్‌షీట్‌దే. పీడీఎఫ్‌లో ఒక నియమం, వెబ్‌లో 'ఉన్న వెడల్పు దాటకు' అనే ఇంకో నియమం. నిర్వహణకు ఇంతకన్నా తేలిక ఇంకోటి లేదు. కానీ స్టైల్‌షీట్‌కు బొమ్మలన్నీ ఒకటే, వరసలో ఒదగాల్సిన ఐకాన్‌నూ పేజీ నిండా పరచాల్సిన సర్క్యూట్ రేఖాచిత్రాన్నీ అది విడదీసి చూడలేదు.

నా వరకు మూడో వాళ్ల సూత్రం సరైనదే, దానికి మొదటి వాళ్ల జ్ఞానం కొంచెం కలపాలి. రచయిత 160 అని రాయకుండా 'ఇది ఐకాన్', 'ఇది డైలాగ్', 'ఇది పూర్తి తెర' అని బొమ్మ రకాన్ని రాస్తే (డిటాలో అవుట్‌పుట్‌క్లాస్ ఆట్రిబ్యూట్ అందుకు పనికొస్తుంది), ఏ రకానికి ఎంత అన్నది స్టైల్‌షీట్ చూసుకుంటుంది. బొమ్మ రకం అనేది రూపం కాదు, అర్థం. దీనికి ముందే కూర్చుని రకాలు నిర్ణయించుకునే ఓపిక కావాలి, అందరూ ఒకే మాట వాడాలి, నాలుగు పేజీల డాక్యుమెంట్‌కు అంత శ్రమ దండగ అనేవాళ్ల మాటా నిజమే.

అనువాదం దాకా వచ్చేసరికి ఈ తేడా కాగితం మీద కొలవొచ్చు. మూల భాషలో ఒక డైలాగ్ 600 పిక్సెళ్లు, దానికి 100 మిల్లీమీటర్ల వెడల్పు రాశారనుకుందాం, మిల్లీమీటరుకు 6 పిక్సెళ్లు. ఇంకో భాషలో మాటలు పొడవై అదే డైలాగ్ 720 పిక్సెళ్లయింది. వెడల్పు 100 అని స్థిరంగా రాసి ఉంటే కొత్త బొమ్మ అందులోకే దూరాలి, అక్షరాలు 83 శాతానికి కుంచించుకుపోతాయి, ఆ భాషలో చదివేవాళ్లకు ప్రతి డైలాగూ కాస్త చిన్నగా కనిపిస్తుంది. 'డైలాగ్ అంటే మిల్లీమీటరుకు 6 పిక్సెళ్లు' అన్న నియమం స్టైల్‌షీట్‌లో ఉంటే అదే బొమ్మ 120 మిల్లీమీటర్లకు విస్తరిస్తుంది, అక్షరం ఎత్తు రెండు భాషల్లోనూ సమానంగా నిలుస్తుంది, ఎక్స్‌ఎంఎల్‌లో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.